నేరమా? రోగమా? — సురావ్యసన చికిత్సాచరిత్రము

ప్రతి గ్రామమునందును రెండు విధములైన మనుష్యులను గూర్చి వారి యింటివారు పైవారితో మాటలాడుటకు సిగ్గుపడుచుందురు. ఒకడు మతి చెడినవాడు, రెండవవాడు త్రాగుబోతు. మొదటివానిని భూతవైద్యునియొద్దకో దేవాలయమునకో గొనిపోవుదురు. రెండవవానికి హితబోధలును, తిట్లును, ఒట్లును, అప్పుడప్పుడు దెబ్బలును లభించును. మతిచెడినవాడు చేయునది యతని వశమున లేదని లోక మొప్పుకొనును. త్రాగుబోతు విషయమున మాత్రము, “వాడు తలచుకొన్నచో మానలేడా?” యని ప్రతివారును అడుగుదురు. సంఘసంస్కారులమని చెప్పుకొను మనమును ఈ ప్రశ్ననే యడుగుచు వచ్చితిమి. కాని వైద్యశాస్త్రము రెండువందల యేండ్లకు పైగా ఈ ప్రశ్నను పరిశోధించుచున్నది. ఆ పరిశోధనయొక్క చరిత్రము తెలియనిచో మన సదుద్దేశమే ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమునకు గారణమగును. కావున ఆ చరిత్రమును సంగ్రహముగ నిచట వ్రాయుచున్నాను.

మన పూర్వులీ విషయము నెరుగనివారు కారు. చరకసంహితయందలి చికిత్సాస్థానమున ఉన్మాదమునకొక యధ్యాయమును, మదాత్యయమునకు వేరొక యధ్యాయమును గలవు. మదాత్యయమనగా మద్యపానము మితిమీరుటవలన బుట్టు రోగము. దానిని దోషముల ననుసరించి విభజించి, వేరువేరు చికిత్సలను విధించియున్నారు. మద్యమువలన రోగము పుట్టుననియు, దానికి వైద్యుడు చికిత్స చేయవలెననియు ఆ గ్రంథకర్త యభిప్రాయము. అయినను ఈ మాట చెప్పుకొని గర్వించి యూరకుండుట మనకు దగదు. శాస్త్రము తాటాకులలో నుండెను. రోగికి సంకెల దొరకెను. 2001వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన తమిళనాడునందలి యేర్వాడిలో ఒక పాకకు నిప్పంటుకొనగా, సంకెలలతో బంధింపబడి పారిపోజాలక 28 మంది మనోరోగులు కాలి చనిపోయిరి. ఇది పురాణకాలపు కథ కాదు. మన కన్నులయెదుట జరిగినది.

ఐరోపాఖండమునందును పూర్వ మిట్లే యుండెను. పారిసు నగరమునందలి బిసేత్రు ఆశ్రమములో మతిచెడినవారిని గొలుసులతో గట్టియుంచెడివారు. ఆ గొలుసులను ఫిలిప్ పినెల్ అను వైద్యుడు విప్పించెనని లోకప్రసిద్ధి. చిత్రకారు లా దృశ్యమును చిత్రించియు నున్నారు. నిజమునకు బిసేత్రులో 1797లో సంకెలలను దీయించినవాడు జ్యా బాప్తిస్తు పుస్సె యను పర్యవేక్షకుడు. ఇతడు వైద్యుడు కాడు. పూర్వము గండమాలతో బాధపడి అదే యాశ్రమమున రోగిగా జేరి, నయమైన పిమ్మట అచటనే కొలువున గుదిరినవాడు. అతడును అతని భార్యయు రోగులతో నెట్లు మాటలాడుదురో, కోపించినవానిని గొట్టక యెట్లు శాంతింపజేయుదురో పినెల్ శ్రద్ధతో గమనించి, 1801లో ప్రకటించిన తన గ్రంథమున ఆ పద్ధతిని శాస్త్రముగ రూపొందించెను. ఇంగ్లండునందలి యార్కు పట్టణమున 1796లో క్వేకరు మతస్థులు, తమవారిలో నొక స్త్రీ అచటి పిచ్చియాసుపత్రిలో మరణించుటకు బరితపించి, ‘రిట్రీటు’ అను శాంతినిలయమును స్థాపించిరి. రోగిని మనుష్యునిగా జూచినచో రోగము కొంత తగ్గునను సత్యము ఈ విధముగ, ఒక పూర్వరోగివలనను, ఒక చిన్న మతసంఘమువలనను లోకమునకు దెలియవచ్చినది.

ఇక మద్యపానము. 1784లో అమెరికాయందలి ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్, సారాయివలన శరీరమునకును మనస్సునకును గలుగు కీడును గూర్చి యొక చిన్న పుస్తకమును బ్రకటించెను. ఇతడు అమెరికా స్వాతంత్ర్యప్రకటనపై సంతకము చేసినవారిలో నొకడు. త్రాగుడు మొదట స్వేచ్ఛతో నారంభమై, పిమ్మట అలవాటై, కడపట నిర్బంధమగుననియు, అట్టివారికి ప్రత్యేకమైన చికిత్సాలయము వలయుననియు ఇతడు చెప్పెను. అయినను ఇతని చికిత్సలన్నియు మంచివి కావు. రోగుల రక్తమును దీయుటయందు ఇతనికి మితిమీరిన నమ్మకముండెను. సారాయికి బదులుగ బీరును ద్రాక్షసారాయమును త్రాగవచ్చునని కూడ జెప్పెను. ఇతని పెద్దకుమారుడు జాన్, నౌకాసైన్యమున నుద్యోగియై, ద్వంద్వయుద్ధమున తన మిత్రుని జంపి, యా దుఃఖముచే మతిచెడి, తండ్రి పనిచేయు ఆసుపత్రిలోనే చేరి సుమారు ముప్పదియేండ్లు గడిపి యచటనే మరణించెను. మనోవ్యాధులపై అమెరికాదేశమున వెలువడిన మొదటి పెద్దగ్రంథమును రష్ 1812లో బ్రకటించునప్పటికి, అతని కుమారు డా యాసుపత్రిగదిలోనే యుండెను. ఈ రోగము విద్వాంసుని గడపను దాటి రాదనుకొనువారు ఈ తండ్రిని దలచుకొనవలెను.

ఆ కాలముననే స్కాట్లండు దేశీయుడగు నౌకావైద్యుడు థామస్ ట్రాటర్, 1788లో ఎడింబరో విద్యాపీఠమునకు సమర్పించిన వ్యాసమును బెంచి 1804లో పుస్తకముగ బ్రకటించి, త్రాగుడలవాటు మనస్సునకు సంబంధించిన రోగమని స్పష్టముగ వ్రాసెను. వైద్యుడు మొదట రోగియొక్క విశ్వాసమును సంపాదించవలెననియు, ధర్మోపన్యాసములు మాత్రము చాలవనియు ఇతని మతము. 1849లో స్వీడనుదేశపు వైద్యుడు మాగ్నస్ హుస్, ఇంటింట సారాయి కాచుకొను తన దేశప్రజలలో గాంచిన వణకు, తిమ్మిరి, మూర్ఛ, భ్రాంతి, మతిభ్రంశము మొదలగువాని నన్నిటిని ఒక్కచో జేర్చి ఆ రోగసముదాయమునకు ‘ఆల్కహాలిజము’ అని పేరిడెను. పేరు పెట్టుట చిన్నపనివలె దోచును. కాని పేరులేని బాధను వైద్యుడు పరీక్షింపడు, ప్రభుత్వము లెక్కింపదు, ఇంటివారు నోరువిప్పి చెప్పుకొనలేరు.

ఇచట గృహస్థులు ముఖ్యముగ నెరుగవలసిన యంశమొకటి కలదు. ఏండ్లతరబడి ప్రతిదినమును మిక్కుటముగ ద్రాగువాడు ఒక్కసారిగ మానినచో, కొన్ని గంటలలోనే చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర రాదు. కొందరికి ఒకటి రెండు దినములలో మూర్ఛ వచ్చును. మరికొందరికి రెండుమూడు దినముల పిమ్మట జ్వరముతో గూడిన సన్నిపాతము కలిగి, లేని పురుగులును జంతువులును కనబడి, వారు భయముతో గేకలు వేయుదురు. ఈ స్థితికి 1813లో థామస్ సటన్ అను నాంగ్లవైద్యుడు ‘డెలీరియం ట్రెమెన్స్’ అని పేరిడెను. చికిత్సలేనిచో ఇది ప్రాణాంతకము. ఇది త్రాగుటవలన వచ్చునా, మానుటవలన వచ్చునా, ఆహారలోపమువలన వచ్చునా యని వైద్యులు చిరకాలము వాదించిరి. 1955లో అమెరికాయందలి లెక్సింగ్టనులో ఇస్బెల్ మొదలగువారు, మత్తుమందుల యలవాటుచే బంధితులై యున్న పదిమందికి మంచి యాహారమునిచ్చుచు మద్యమును ద్రాగించి పరీక్షించిరి. 48 దినములు మొదలు 87 దినములవరకు ద్రాగి యొక్కసారిగ మానిన ఆరుగురికి ఈ లక్షణములు కనబడినవి. ఆహారలోపము లేకున్నను, మానుటయే యీ యుపద్రవమునకు గారణమని తేలెను. ఖైదీలపై నిట్టి పరీక్షలు చేయుట నేటి ధర్మమునకు సమ్మతము కాదు. కాని దానివలన దెలిసిన సత్యమును మరువరాదు.

కారణ మిది. మెదడునందు ఉద్రేకము నణచు గాబా యను ద్రవ్యము పనికి మద్యము బలమిచ్చును. ఉద్రేకపరచు గ్లుటమేటు పనిని దగ్గించును. నిత్యము ద్రాగువాని మెదడు ఈ యణచివేతకు బ్రతిగా తన్ను దాను సవరించుకొని, సర్వదా హెచ్చు వేగముతో బనిచేయుట కలవాటుపడును. మద్యము హఠాత్తుగ దొలగినపుడు, కళ్లెము తెగిన గుఱ్ఱమువలె మెదడు పరుగెత్తును. 2015వ సంవత్సరమున తెలంగాణమున కల్తీకల్లును ప్రభుత్వము గట్టిగ నరికట్టినపుడు, ఆ కల్లులో గలుపు క్లోరల్ హైడ్రేటు, డయజిపాము, ఆల్ప్రజోలాము వంటి మందులకు మరగిన నిజామాబాదు, మహబూబ్‌నగరు ప్రాంతపు కూలిజనము వణకుతోను మూర్ఛలతోను భ్రాంతులతోను ఆసుపత్రులకు వచ్చిరి. 2020 మార్చిలో దేశమంతట రాకపోకలు నిలిచి దుకాణములు మూతబడినపుడు, హైదరాబాదునందలి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు ఇట్టివారే గుంపులుగ వచ్చిరి. వారు నటించుచున్నారని నవ్వినవారును గలరు. నవ్వినవారికి ఈ చరిత్రము తెలియదు. భర్తనో కుమారునో గదిలో బెట్టి తాళమువేసి మాన్పింప జూచు గృహిణి యెంత మంచితలంపుతో జేసినను, అది విషమించినచో మరణమగును. మాన్పింపవలసినదే, కాని వైద్యుని యెదుట, తగిన యౌషధముతో మాన్పింపవలెను.

త్రాగుబోతు జ్ఞాపకశక్తి నశించుటను గూర్చిన పరిశోధన మరియు నాశ్చర్యకరము. మన దేశముతోడను సంబంధము గలది. 1881లో జర్మను వైద్యుడు కార్ల్ వెర్నికె ముగ్గురు రోగులను వర్ణించెను. కన్నులు తిరుగవు, నడక తడబడును, మనస్సు కలతచెందును, కొలది దినములలో మువ్వురును మరణించిరి. వారిలో నిద్దరు త్రాగుబోతులు. మూడవవ్యక్తి గంధకామ్లమును మ్రింగి, పిదప ఎడతెగని వాంతులచే నాహారము నిలువక కృశించిన యొక యువతి. 1887 మొదలుకొని మాస్కోనగరమున సెర్గీ కోర్సకోవ్ వేరొక రోగమును వర్ణించెను. ఆ రోగికి పాతసంగతులు జ్ఞాపకముండును. ఇప్పుడు చెప్పినది మరుక్షణమున మరచును. మరచిన స్థానమును కల్పితములతో నింపి నిజమని నమ్మి చెప్పును. ఇతని రోగులలోను త్రాగనివారు గలరు. త్రాగనివారికి త్రాగుబోతు రోగమెట్లు వచ్చెను?

ఈ ప్రశ్నకు సమాధానము బియ్యపుగింజలో నుండెను. ఉత్తరసర్కారులలో బెరిబెరి యను వ్యాధి పూర్వమునుండి ప్రబలియుండెను. దానిపై మద్రాసు సైన్యవైద్యుడు మాల్కంసన్ 1835లోనే యొక గ్రంథమును బ్రకటించెను. జావాద్వీపమున ఐక్‌మన్ అను డచ్చివైద్యుడు, తెల్లగ బాలిషుచేసిన బియ్యము దిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటను, తవుడు పెట్టగా దేరుకొనుటను గాంచెను. ఆ తవుడులోని సారమును వెదకుటకు బూనినవారిలో రాబర్టు రన్నెల్స్ విలియమ్సు ఒకడు. ఇతడు బాప్టిస్టు మిషనరీ దంపతులకు 1886లో మన నెల్లూరునందు జన్మించెను. 1910 ప్రాంతమున మనీలాలో ఇతడు తీసిన తవుటిసారమును బెరిబెరిచే మరణోన్ముఖులైన పసిబిడ్డలకు వేయగా వారు బ్రదికిరి. అటుపిమ్మట ఇరువదియైదేండ్లకు పైగా, చాలకాలము తీరిక సమయముననే పరిశ్రమచేసి, 1936లో ఆ సారమునందలి ద్రవ్యముయొక్క నిర్మాణమును నిర్ణయించి కృత్రిమముగ దయారుచేసెను. అదియే థయమిను అను బి1 విటమిను. దానివలన వచ్చిన హక్కుల ధనమును అధికభాగము పోషకలోపవ్యాధులను బోగొట్టుటకు వినియోగింపజేసెను.

రెండవ ప్రపంచయుద్ధమున జపానువారు సింగపూరునందు బంధించిన సైనికులకు పాలిషు బియ్యమే ముఖ్యాహార మయ్యెను. మద్యపు చుక్కయైన దొరకని ఆ చెరలో, డివార్డెనర్, లెనాక్సు అను వైద్యులు వెర్నికె చెప్పిన రోగమునే 52 మందిలో గాంచి 1947లో బ్రకటించిరి. రహస్యము విడిపోయెను. మద్యము ఆకలిని జంపును. ప్రేవులు థయమినును గ్రహింపకుండ జేయును. త్రాగుబోతు మెదడు ఒకవిధముగ బెరిబెరిచే చెడుచున్నది. తొలిదశలో థయమినును సూదిమందుగ నిచ్చినచో ఆ మెదడును చాలవరకు రక్షింపవచ్చును. ఆలస్యమైనచో జ్ఞాపకము తిరిగి రాదు. ఇన్నియేండ్లు ‘పాపఫల’ మనుకొన్న దానిలో నొక భాగము విటమిను లోపమని తేలినది!

అయితే “ఇది రోగము” అనుటవలన మేలే కలుగునని నమ్మరాదు. 1857లో ఫ్రెంచి వైద్యుడు మొరెల్, మద్యము మొదలగు దోషములచే వంశము తరతరమునకు క్షీణించుచు బోవునను వాదమును ప్రకటించెను. ఆ వాదమును ఉత్తములు అధములు అను జాతిగర్వముతో గలిపిన ఫలమిది: 1933 జూలై 14వ తేదీన జర్మనీలో హిట్లరు ప్రభుత్వము చేసిన శాసనము, మనోరోగులతోపాటు తీవ్రమైన మద్యవ్యసనము గలవారిని సైతము బలవంతముగ సంతానహీనులను జేయవచ్చుననెను. 1940, 1941 సంవత్సరములలో ఆ దేశపు చికిత్సాలయములనుండి డెబ్బదివేల మందికి పైగా రోగులను గొనిపోయి విషవాయువుచే జంపిరి. చంపినవారిలో వైద్యులుండిరి. కావున నేరమను పేరు తీసి రోగమను పేరు పెట్టినంతమాత్రమున దయ పుట్టదు. రోగి మనతో సమానుడను బుద్ధి దానికి దోడు గావలెను.

ఔషధముల చరిత్రము పిమ్మట త్వరగ సాగినది. రబ్బరు కర్మాగారములలో వాడు డైసల్ఫిరాము అను ద్రవ్యము సోకిన పనివారు మద్యము ముట్టలేకపోవుటను 1937లో నొక వైద్యుడు గమనించెను. కోపెన్‌హాగెనులో హాల్డు, యాకబ్సెను అను పరిశోధకులు దానినే నులిపురుగుల మందుగ బరీక్షించుచు దాము మ్రింగి, పిదప విందులో గొంచెము త్రాగగా ముఖము ఎఱ్ఱబారి గుండె దడదడలాడెను. 1948లో వారు దీనిని చికిత్సగ బ్రకటించిరి. ఈ మందు మద్యమునుండి పుట్టు అసిటాల్డిహైడును శరీరము హరింపకుండ జేయును. అందువలన త్రాగినవాడు వెంటనే బాధపడును. మన యిండ్లలో కొందరు స్త్రీలు ఎవరో చెప్పగా విని ఈ మందును భర్తకు దెలియకుండ కాఫీలోనో కూరలోనో గలుపుట కలదు. ఇది మిక్కిలి ప్రమాదము. తెలియక మిక్కుటముగ ద్రాగినచో రక్తపుపోటు పడిపోయి గుండెజబ్బు గలవాడు మరణింపవచ్చును. మందు తీసుకొనువాని సమ్మతియే ఈ చికిత్సకు మొదటి నియమము. ఇటీవల 1992లో అమెరికాలో జరిగిన పరీక్షలనుబట్టి, త్రాగుటవలన గలుగు సుఖానుభవమును దగ్గించు నాల్ట్రెక్సోను అను మందును 1994లో ఆ దేశమున నంగీకరించిరి. ఇవన్నియు సహాయకములే కాని మంత్రములు కావు. 1935లో అమెరికాయందలి ఏక్రనులో ఒక వ్యాపారియు ఒక శస్త్రవైద్యుడును, ఇద్దరును త్రాగుబోతులే, ఒకరి కొకరు తోడుగ మానుటకు యత్నించి స్థాపించిన సంఘము లోకమంతట వ్యాపించుటను జూడగా, బిసేత్రులో పుస్సె నేర్పిన పాఠమే మరల కనబడుచున్నది. రోగమును దానెరిగినవాడు తోటిరోగికి జేయు సహాయము వేరొకరు చేయలేరు.

మన దేశమున మార్గము వేరుగ నడచినది. మద్రాసు రాజధానిలో రాజాజీ ప్రభుత్వము 1937లో సేలము జిల్లాయందును, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలయందును మద్యనిషేధమును అమలుపరచెను. 1954లో ఆంధ్రరాష్ట్రపు తొలి మంత్రివర్గము ఈ నిషేధ విషయముననే శాసనసభలో నోడిపోయెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా పాఠములు చదువుకొనుచున్న పల్లె స్త్రీలు సారాదుకాణమును మూయించిరి. విలియమ్సు పుట్టిన జిల్లాయందే, పరిశోధనాలయము లేక, పలకాబలపములు పట్టిన స్త్రీలు ఈ రోగమునకు మరియొక మూలమును గనిపెట్టిరి. అది గుమ్మమునకు దగ్గరగనున్న దుకాణము. వారి యుద్యమమువలన 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారాయియు, 1995 జనవరిలో సమస్తమద్యమును నిషేధింపబడినవి. 1997లో మద్యనిషేధము సడలింపబడెను.

దుకాణమును మూయుటవలన క్రొత్తవాడు త్రాగుట తగ్గును. కూలిడబ్బు ఇల్లు చేరును. దీనిని గాదనువారు పల్లెలను జూడనివారు. కాని యదివరకే మెదడు మారినవానికి శాసనము మందు కాదు. అతనికి వైద్యుడు కావలెను. దుకాణమును మూయించిననాడే చికిత్సాలయమును దెరవకుండుట మన యుద్యమములలోని లోపము. 2019లో వెలువడిన కేంద్రప్రభుత్వ నివేదికనుబట్టి దేశమున మద్యము ద్రాగువారు సుమారు 16 కోట్లు. త్రాగుటవలన చెడి సహాయము కావలసినవారు సుమారు 5 కోట్ల 70 లక్షలు. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదోయొక చికిత్స పొందుచున్నారు. తక్కిన 37 మందికి లభించుచున్నది మన హితబోధయే.

“రోగమనినచో వాడు చేసిన దంతయు క్షమింపవలసినదేనా?” యని ఒక గృహిణి యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. మధుమేహము రోగమే; అయినను పథ్యము రోగియే చేయవలెను. అట్లే చికిత్సకు వచ్చుట, మందు పుచ్చుకొనుట, తప్పిపోయినపుడు మరల వచ్చుట వ్యసనిపరునియొక్క బాధ్యత. భార్యను గొట్టుట రోగలక్షణము కాదు, నేరము. దానికి శిక్ష కలదు, ఉండవలెను. రోగమునకు చికిత్సయు, నేరమునకు శిక్షయు వేరువేరుగ నుండుటయే న్యాయము. రెంటిని గలిపినందువలననే ఇంతకాలము రోగికి చికిత్సయు లేదు, ఇల్లాలికి రక్షణయు లేదు.

2017వ సంవత్సరపు మానసికారోగ్య సంరక్షణశాసనము, మద్యముయొక్కయు మత్తుమందులయొక్కయు దుర్వినియోగముతో గూడిన మానసికస్థితులను మనోవ్యాధులలో జేర్చినది. ఏ రోగినిగాని యే విధముగనైనను సంకెలలతో గట్టుటను నిషేధించినది. పారిసునందు పుస్సె విప్పిన సంకెలను మన శాసనగ్రంథమున విప్పుటకు రెండువందల ఇరువది యేండ్లు పట్టినది. మన యిండ్లలో విప్పుట కింకెన్ని యేండ్లు పట్టునో మనయందే యున్నది. ఇకమీద త్రాగి వచ్చినవానిని గాంచినపుడు, “తలచుకొన్నచో మానలేడా?” యని యడుగుటకు మారుగ, “ఇతనిని రేపు వైద్యునియొద్దకు దోడ్కొనిపోవువా రెవరు?” అని మన యింటిలో నొకరైన నడిగినచో, ఈ రెండువందల యేండ్ల పరిశోధన మన గడపకు వచ్చినట్లే.